సిలబస్‌లో మూడు పంక్తులు



సివిల్స్‌కు చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ళల్లో ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు విననివాళ్ళు ఉండరు. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాల కోసం వేసిన కాలనీ ఇది. ఆ ఇళ్ళే ఇప్పుడు నాలుగైదు అంతస్తులు లేచి, అంతస్తుకు నాలుగేసి గదులుగా మారాయి. కరోల్ బాగ్ మెట్రో స్టేషన్‌లో దిగి, పూసా రోడ్డు దాటి, బడా బజార్ రోడ్డు వైపు నడిస్తే గోడల నిండా ర్యాంకర్ల ఫోటోలు కనిపిస్తాయి. నోట్సు అమ్మే జిరాక్సు దుకాణాలు, నెలకింతని కుర్చీ అద్దెకిచ్చే లైబ్రరీలు, అర్ధరాత్రి దాటినా మూతపడని టీ బడ్డీలు. 2024 జూలై 27 సాయంత్రం వాన నీళ్ళు సెల్లార్‌లోని ఒక లైబ్రరీలోకి దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయింది ఈ వీధుల్లోనే. ఆ వార్త విన్న రోజు మన ఊళ్ళల్లో ఎంతమంది తల్లిదండ్రులు ఇక్కడికి ఫోన్లు చేశారో చెప్పలేం.

నేనుండేది ఈ పేటలోనే. పనిచేసేది క్వాంటమ్ కంప్యూటింగ్ పరిశోధనలో. ఈ రెండింటికీ పొత్తేమిటని చాలామంది అడుగుతారు. పొత్తు చాలా ఉంది. ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది అదే.

ఓల్డ్ రాజిందర్ నగర్ నుంచి పూసా వైపు వెళ్తే, వ్యవసాయ పరిశోధన సంస్థ పొలాల సరసనే నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉంది. పెద్ద దూరమేమీ కాదు. 1947 జనవరి 4న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1950 జనవరి 21న సర్దార్ పటేల్ ప్రారంభించారు. తొలి డైరెక్టర్ కె.ఎస్. కృష్ణన్, సి.వి. రామన్‌తో కలిసి రామన్ ఎఫెక్ట్ ప్రయోగాలు చేసిన మనిషి. ఆ లేబొరేటరీ ముందు రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. మన గడియారాలన్నీ అనుసరించే భారత ప్రామాణిక కాలాన్ని లెక్కగట్టేది ఇక్కడే. దేశానికి ప్రామాణికమైన కిలోగ్రాము దిమ్మ, 57వ నంబరుది, ఉన్నదీ ఇక్కడే.

వోల్టుకు ప్రమాణం కూడా ఇక్కడే ఉంది. మన చర్చకు ముఖ్యమైనది అదే.

ఒక వోల్టు అంటే ఎంత? దేశమంతటా మీటర్లు ఒకే మాట చెప్పాలంటే ఎక్కడో ఒకచోట తిరుగులేని లెక్క ఉండాలి. ఆ లెక్క ఒక చిన్న అమరిక నుంచి వస్తుంది. కరెంటుకు ఏ అడ్డూ చెప్పని రెండు సూపర్‌కండక్టర్ల మధ్య అతి పలచని పొర, కరెంటును సాగనివ్వని పదార్థంతో చేసిన పొర, పెడతారు. మామూలు బుద్ధికి ఆ పొర దగ్గర కరెంటు ఆగిపోవాలి. ఆగదు. జంటలు కట్టిన ఎలక్ట్రాన్లు ఆ గోడలోంచి అవతలికి వెళ్ళిపోతాయి. 1962లో కేంబ్రిడ్జిలో ఇరవై రెండేళ్ళ విద్యార్థి బ్రయన్ జోసెఫ్‌సన్ ఇలా జరుగుతుందని కాగితం మీద లెక్కగట్టి చెప్పాడు. ప్రయోగం ఆ తర్వాత నిజమని తేల్చింది. 1973లో ఆయనకు నోబెల్ వచ్చింది. జంక్షన్ అనే ఈ అమరిక మీద మైక్రోవేవ్ తరంగాలు పడేస్తే, వాటి ఫ్రీక్వెన్సీని బట్టి దాని రెండు కొసల మధ్య కచ్చితమైన వోల్టేజి వస్తుంది. ఒక వోల్టుకు 4,83,597 గిగాహెర్ట్జ్‌ల పైచిలుకు. ఒక్క జంక్షన్ ఇచ్చేది వోల్టులో సుమారు ఏడు వేలవ వంతు మాత్రమే కాబట్టి, వేల జంక్షన్లను వరసగా కలిపి ద్రవ హీలియంలో ముంచి వాడతారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ జంక్షనే, ఇదే జోసెఫ్‌సన్ జంక్షన్, నేటి సూపర్‌కండక్టింగ్ క్వాంటమ్ కంప్యూటర్‌కు గుండెకాయ. ఐబీఎం యంత్రంలో ఉన్నదీ ఇదే, గూగుల్ యంత్రంలో ఉన్నదీ ఇదే. 2025లో జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకు ఫిజిక్స్ నోబెల్ వచ్చింది ఈ జంక్షన్ ఉన్న సర్క్యూట్ మీద చేసిన ప్రయోగాలకే. అణువంత చిన్న వస్తువుకే చెల్లుతాయనుకున్న క్వాంటమ్ నియమాలు, చేత్తో పట్టుకోగలిగేంత చిప్పు మీదున్న సర్క్యూట్‌కూ చెల్లుతాయని వాళ్ళు 1980లలో చూపించారు.

మా పక్క గదిలో నంద్యాల నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. ఆప్షనల్ ఫిజిక్స్. ఒక రాత్రి నోటుపుస్తకం పట్టుకొచ్చి, "అన్నా, నేషనల్ క్వాంటమ్ మిషన్ మీద ప్రిలిమ్స్‌లో ఏం అడుగుతారు?" అన్నాడు. బడ్జెట్టు, సంవత్సరం, లక్ష్యాలు అడుగుతారన్నాను. అవి అప్పటికే అతనికి కంఠతా వచ్చు. 2023 ఏప్రిల్ 19న కేబినెట్ ఆమోదం, 6,003.65 కోట్లు, 2030-31 దాకా, ఎనిమిదేళ్ళలో 50 నుంచి 1000 క్యూబిట్ల యంత్రం. గడగడా అప్పజెప్పాడు. నోటుపుస్తకం తిరగేస్తుంటే మరో పేజీ కనబడింది. రెండు వరసలు, రెండు నిలువులతో మూడు మాత్రికలు నీటుగా రాసుకున్నాడు. కింద వాటి ధర్మాలు, పక్కన గత పరీక్షల్లో వచ్చిన సంవత్సరాలు.

అవి పౌలీ మాత్రికలు. సివిల్స్ ఫిజిక్స్ రెండో పేపర్ సిలబస్‌లో ఉన్నాయి. స్పిన్ హాఫ్ కణం అని దాని పక్కనే ఉంటుంది. అదే భాగంలో హార్మోనిక్ ఆసిలేటర్ ఉంటుంది, దీర్ఘచతురస్రాకారపు అడ్డుగోడలోంచి కణం దాటిపోవడం ఉంటుంది. మూడు పంక్తులకు మించి ఉండవు. ఆ మూడు పంక్తులే నా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని అని అతనికి చెప్పాను. నమ్మలేదు. కూర్చోబెట్టి వివరించాను. మీకూ చెబుతాను.

క్వాంటమ్ కంప్యూటర్‌లో లెక్క చేసే మూల ఘటకం క్యూబిట్. రెండే స్థితులున్న స్పిన్ హాఫ్ కణమే దానికి నమూనా. క్యూబిట్ మీద మనం చేసే పనులను గేట్లంటాం. సున్నాను ఒకటిగా, ఒకటిని సున్నాగా మార్చే ఎక్స్ గేటు మొదటి పౌలీ మాత్రిక. జెడ్ గేటు మూడోది. పేర్లు కూడా మారలేదు. అడ్డుగోడ దాటడమంటే ఇందాక చెప్పిన జంక్షన్. ఇక ఆసిలేటర్. అందులో శక్తి స్థాయిలు సమానమైన ఎడంతో ఉంటాయి. అలా ఉంటే మనకు చిక్కు. సున్నా నుంచి ఒకటికి ఎక్కించే మైక్రోవేవ్ తరంగమే ఒకటి నుంచి రెండుకూ ఎక్కించేస్తుంది. రెండు స్థాయిల మధ్యే ఆగమంటే ఆగదు. జంక్షన్ పెడితే ఆ ఎడాల్లో కొద్దిగా తేడా వస్తుంది. అప్పుడు కింది రెండింటినే పట్టుకుని పని చేయించుకోవచ్చు. 2007లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ తేడాను సరిగ్గా కావలసినంతకు కుదించి, బయటి రొదకు అంతగా చలించని క్యూబిట్‌ను తయారుచేశారు. ట్రాన్స్‌మాన్ అంటారు. ఇవాళ పెద్ద యంత్రాల్లో చాలామటుకు ఉన్నది అదే.

ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది ఉద్యోగమా అన్నా?" అన్నాడు.

ఉద్యోగమే. ఎలా ఉంటుందో చెబుతాను, పేపర్లలో రాసినట్టు కాకుండా.

అన్నింటికన్నా ముందు చలి. క్యూబిట్ పనిచేసేది సుమారు 5 గిగాహెర్ట్జ్ దగ్గర. ఆ ఫ్రీక్వెన్సీకి తగిన శక్తిని ఉష్ణోగ్రతగా లెక్కేస్తే పావు కెల్విన్ కన్నా కాస్త తక్కువ. చుట్టూ అంతకన్నా బాగా చల్లగా లేకపోతే, ఎవరూ చెప్పకుండానే వేడికి క్యూబిట్ సున్నా నుంచి ఒకటికి ఎగిరిపోతుంది. అందుకే డైల్యూషన్ రిఫ్రిజిరేటర్‌లో హీలియం-3, హీలియం-4ల మిశ్రమంతో 10, 20 మిల్లీకెల్విన్ల దాకా దింపుతాం. కెల్విన్‌లో వందో వంతు. ల్యాబ్‌లో మేం ముద్దుగా ఫ్రిజ్ అంటాం గానీ, మనిషంత ఎత్తు ఉంటుంది. పైకప్పు నుంచి వేలాడే బంగారు పూత రాగి పళ్ళాలు, వాటిలోంచి దిగే సన్నని కేబుళ్ళు, అడుగున ఎక్కడో వేలిగోరంత చిప్పు. చల్లబడటానికి ఒకటి రెండు రోజులు, మళ్ళీ మామూలు వేడికి రావడానికి అంతే. తీరా దిగాక ఒక్క సన్న తీగ అతుకు ఊడిందని తెలిస్తే మొత్తం మళ్ళీ మొదటికి రావాలి. పంపుల చప్పుడు ఆగదు. ఢిల్లీ ఎండాకాలంలో కరెంటు పోయి, చల్లనీళ్ళ ప్లాంటు ఆగితే, వారం పని గాలిలో కలిసిపోతుంది.

చిప్పు చేయడం మరో కథ. అల్యూమినియం పూత మీద ఆక్సిజన్‌ను కొలత ప్రకారం వదిలితే ఒకటి రెండు నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మీద మళ్ళీ అల్యూమినియం. అదే జంక్షన్. ఆక్సిజన్ పీడనంలో, సమయంలో కాస్త తేడా వస్తే క్యూబిట్ ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. అందుకే ఈ రంగంలో క్లీన్‌రూమ్‌లో చేయి తిరిగినవాళ్ళకు ఎంత విలువో చెప్పలేను. పేపర్లో వాళ్ళ పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. పని మాత్రం వాళ్ళ చేతిలో ఉంటుంది.

మూడోది కొలత. క్యూబిట్‌ను ఒకటిలో పెట్టి కొంతసేపు ఆగి చూస్తాం. ఇంకా ఒకటిలో ఉందా, సున్నాకు జారిపోయిందా? ఇదే వేల సార్లు చేస్తాం, ఆగే సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతాం. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పడుతూ, పైనుంచి కిందికి వంపు తిరిగిన గీత తయారవుతుంది. ఆ గీత ఎంత నెమ్మదిగా వాలితే అంత మంచి క్యూబిట్. దీన్ని టీ-వన్ అంటారు. మంచి క్యూబిట్లకు పదుల నుంచి వందల మైక్రోసెకన్లు ఉంటుంది. ఒక గేటుకు పట్టేది పదుల నానోసెకన్లు. ఈ రెండింటి నిష్పత్తిలోనే మా బతుకంతా ఉంది. 1999లో జపాన్‌లో ఎన్ఈసీ సంస్థలో నకమురా బృందం తొలిసారి సూపర్‌కండక్టింగ్ క్యూబిట్‌ను ఆడించినప్పుడు అది నిలిచింది నానోసెకన్లలోనే. అక్కడి నుంచి ఇక్కడిదాకా రావడానికి పావు శతాబ్దం పట్టింది. ఏ ఒక్క మేధావో తెచ్చింది కాదిది. వందల ల్యాబుల్లో పీహెచ్‌డీ విద్యార్థులు ఆ గీతలు చూస్తూ గడిపిన రాత్రులన్నీ కలిస్తే వచ్చింది.

ఇక్కడ ఒక అపోహ గురించి చెప్పాలి. కోచింగ్ నోట్సుల్లో, యూట్యూబ్‌లో ఒక వాక్యం తెగ తిరుగుతోంది, క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబులనూ ఒకేసారి ప్రయత్నిస్తుందని. అంతవరకే చెప్పి వదిలేయడం తప్పు. చివర్లో కొలిస్తే వచ్చేది ఒక్క జవాబే. ఏది వస్తుందో మన ఇష్టం కాదు. మరి లాభమేమిటి? కోనేట్లో రెండు చోట్ల రాళ్ళు వేస్తే అలలు ఒకచోట కలిసి లేస్తాయి, మరోచోట ఒకదాన్నొకటి చంపుకుని నీళ్ళు కదలకుండా ఉంటాయి. క్వాంటమ్ అల్గారిథం రాయడమంటే తప్పు జవాబుల అలలు ఒకదాన్నొకటి చంపుకునేలా, ఒప్పు జవాబు అల లేచేలా గేట్లను పేర్చడం. అలా పేర్చగలిగిన లెక్కలు కొన్నే ఉన్నాయి. 1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే పద్ధతి కనిపెట్టాడు. మన బ్యాంకు లావాదేవీలను కాపాడే ఆర్ఎస్ఏ తాళానికి దానివల్లే ముప్పు. ఆ తాళం విప్పడానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో లెక్క. 2025లో గూగుల్ పరిశోధకుడు క్రెగ్ గిడ్నీ ఆ లెక్కను 10 లక్షల లోపుకు దించాడు. ఇవాళ ఉన్న యంత్రాల క్యూబిట్లు చాలావరకు వందల్లోనే ఉన్నాయి. దూరం ఇంకా చాలా ఉంది, కానీ గమ్యం కూడా మన వైపు నడిచి వస్తోంది. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులోనే ఆ ముప్పును తట్టుకునే కొత్త తాళాల ప్రమాణాలు విడుదల చేసింది.

ఈ రంగం మనది కాదనుకునేవాళ్ళకు మరో పేరు గుర్తుచేయాలి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం. రామన్ శిష్యుడు. 1931లో రామన్, భగవంతం కలిసి వెలుగు కణానికి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించి, ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో ప్రకటించారు. ఆ స్పిన్ తీసుకోగల రెండు విలువలే ఇవాళ కొన్ని క్వాంటమ్ రహస్య సందేశ పద్ధతుల్లో సున్నాను, ఒకటిని మోసుకుపోతున్నాయి. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండగా టి. వెంకటరాయుడుతో కలిసి గ్రూప్ థియరీని భౌతికశాస్త్రంలో ఎలా వాడాలో పుస్తకం రాశారు. బెంగళూరు ఐఐఎస్‌సీకి డైరెక్టరయ్యారు. 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఢిల్లీలోనే పనిచేశారు. ఒక తెలుగు భౌతికశాస్త్రవేత్త ప్రభుత్వంలో అంత ఎత్తున కూర్చున్నాడు, అదీ సైన్సు వదలకుండా. ఓల్డ్ రాజిందర్ నగర్ గోడల మీద ఆయన ఫోటో కూడా ఉండాలని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అంకెల మాట. 2024 సివిల్స్‌కు 9,92,599 మంది దరఖాస్తు చేశారు. ప్రిలిమ్స్ రాసినవాళ్ళు 5,83,213. చివరకు ఎంపికైనవాళ్ళు 1,009. మిగతావాళ్ళలో తెలివి తక్కువైనవాళ్ళు ఎవరూ లేరు. సీట్లు అంతే. జనరల్ అభ్యర్థికి ఆరు అవకాశాలు, 32 ఏళ్ళు. ఐఐటీల నుంచి, ఎన్ఐటీల నుంచి వచ్చినవాళ్ళు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివినవాళ్ళు ఈ గదుల్లో ఇరవైలన్నీ గడిపేస్తున్నారు. పరిపాలన గొప్ప పని. దాన్ని వదిలేయమని నేనెవరికీ చెప్పను. కానీ గణితం, భౌతికశాస్త్రం చేతిలో ఉన్న పిల్లలకు ఇంకో దారి ఉందని ఇంట్లో ఎవరూ చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ దారి సుఖమైనదని చెప్పను. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్పు వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత 42,000, ఇంటి అద్దె అదనం. 2023 జనవరి నుంచి ఈ రేటు. ఆ డబ్బు కొన్నిచోట్ల నెలల తరబడి ఆగిపోతుంది. అది పరిశోధక విద్యార్థులకు జరుగుతున్న అన్యాయం, ఆ మాట గట్టిగానే అంటాను. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు. ఆ తర్వాత పోస్ట్‌డాక్, చాలామందికి విదేశంలో. ముప్పై దాటాక గానీ స్థిరమైన ఉద్యోగం రాదు. ప్రయోగాల్లో ఎక్కువభాగం ఫలించవు. పెళ్ళి చూపుల్లో ఏం చేస్తాడంటే చెప్పడం కష్టం.

అయినా ఈ పదేళ్ళలో పరిస్థితి మారింది. నేషనల్ క్వాంటమ్ మిషన్ కింద నాలుగు హబ్‌లు వచ్చాయి. కంప్యూటింగ్‌కు బెంగళూరు ఐఐఎస్‌సీ, కమ్యూనికేషన్‌కు మద్రాసు ఐఐటీ, సెన్సింగ్‌కు బొంబాయి ఐఐటీ, క్వాంటమ్ పదార్థాలకు, పరికరాలకు ఇక్కడే ఢిల్లీ ఐఐటీ. టీఐఎఫ్ఆర్, డీఆర్‌డీఓ, టీసీఎస్ కలిసి ఆరు క్యూబిట్ల ప్రాసెసర్‌ను 2024లో పరీక్షించాయి. బెంగళూరులో క్యూపీఏఐ అనే కంపెనీ 2025 ఏప్రిల్‌లో 25 క్యూబిట్ల యంత్రాన్ని ప్రకటించింది. ఈ పని ఫిజిక్స్ పీహెచ్‌డీలకే కాదు. మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్ళు, ఎఫ్‌పీజీఏ రాసేవాళ్ళు, అతిశీతల యంత్రాలు నడిపే మెకానికల్ ఇంజనీర్లు, వాక్యూమ్ పంపు చప్పుడు విని జబ్బేమిటో చెప్పగల టెక్నీషియన్లు, అందరూ కావాలి.

మన అమరావతి సంగతి. 2025 మే 2న ఐబీఎం, టీసీఎస్‌లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి అక్కడి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో సిస్టమ్ టూ యంత్రాన్ని పెడతామని ప్రకటించాయి. సంతోషించాను. కానీ యంత్రం తేవడం ఒకటి, యంత్రం చేసే చేతులను తయారుచేసుకోవడం ఒకటి. చిప్పు వాళ్ళది, ఫ్రిజ్ వాళ్ళది, మనం దాని మీద ప్రోగ్రాములు రాసుకుంటాం అంటే సగమే అయినట్టు. విశాఖ, తిరుపతి, హైదరాబాద్, వరంగల్ కళాశాలల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ల్యాబులు ఎలా ఉన్నాయో ఒకసారి చూడండి. అక్కడ పనిచేసే వాక్యూమ్ పంపు, ద్రవ నత్రజని, నేర్పే మాస్టారు ఉంటే, రేపటి జంక్షన్లు చేసేది ఆ పిల్లలే. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ నా విన్నపం అదే. వ్యాలీకి పెట్టే ఖర్చులో కొంతైనా ఈ ల్యాబులకు పెట్టండి. ఫెలోషిప్పు నెలనెలా ఒకటో తారీఖున పడేటట్టు చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అబ్బాయి, మీ అమ్మాయి సివిల్స్ నుంచి వెనక్కి వచ్చి పరిశోధన చేస్తానంటే, చదివిందంతా పోయిందని అనకండి. ఆప్షనల్ ఫిజిక్స్‌కు రాసుకున్న నోట్సు ఒక్క పేజీ కూడా వృథా కాదు.

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఈ ప్రసంగం వింటున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: సీఎస్ఐఆర్ నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. జేఆర్ఎఫ్‌కు వయసు 30 లోపు ఉండాలి, మహిళలకు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. పీహెచ్‌డీలో చేరడానికి నెట్‌లో వయోపరిమితి లేదు. గేట్, జెస్ట్ పరీక్షల ద్వారా కూడా సీట్లిస్తారు. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు చాలా పరిశోధనశాలలు గేట్లు తెరిచి జనాన్ని లోపలికి రానిస్తాయి. ఆ రోజు ఏదో ఒక ల్యాబుకు వెళ్ళి, అక్కడ పనిచేస్తున్న పీహెచ్‌డీ విద్యార్థితో ఒక గంట మాట్లాడండి. వాళ్ళు ఏదీ దాచకుండా చెబుతారు. విన్నాక నిర్ణయం మీది.